ఎనిమిది రోజులు నిండని బిడ్డలు

అక్రోపాంగ్ అనే కొండ ఊరి బడిలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయిన అఫువా ఒబెనేవా యాభై తొమ్మిదో ఏట సెమినరీలో చేరింది. వేదాంతం, సంఘ పరిచర్య కలిసిన ఎం.ఏ. తరగతిలో మిగతావాళ్లంతా ఆమె కొడుకుల ఈడువాళ్లు.

"ఈ వయసులో గ్రీకు నేర్చుకుని ఎవర్ని ఉద్ధరిస్తావే?" అంది పక్కింటి మాన్సా, వేడి మొక్కజొన్న కెంకే ముద్దకు చుట్టిన ఆకు విప్పుతూ.

"ముందు నిన్నే. ఊళ్లో నీకంటే అవసరం ఎవరికుంది?"

గ్రీకు రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కింది. అంతకంటే కష్టమైంది ఆమె పరిశోధనకు ఎంచుకున్న విషయం. ఆ కొండ ఊళ్లలో బిడ్డకు ఎనిమిదోనాడు పేరు పెడతారు. ఈలోపు పోతే ఆ బిడ్డ చుట్టపుచూపుగా వచ్చి వెళ్లిందంటారు. తల్లి ఏడవకూడదు. పేరు లేదు కాబట్టి చర్చిలో ప్రార్థనా లేదు.

ఇరవై రెండో ఏట ఒబెనేవాకు పుట్టిన మగబిడ్డ అయిదు రోజులే బతికాడు. అత్తగారు వేరుశనగ పులుసు ముందు పెట్టి, "తిను. ఏడిస్తే తర్వాత పుట్టాల్సినవాళ్లు కూడా రారు" అంది. ఒబెనేవా తింది. తర్వాత ముగ్గురు పుట్టారు. ఆ మొదటివాడి మాట మాత్రం ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ఇప్పుడు ఊరూరూ తిరిగి అలాంటి తల్లులు నలభై ఒక్కమందితో మాట్లాడింది. ఒకరోజు మాన్సా ఆ కాగితాలు చూసి, "నాకూ ఇద్దరు. రాసుకో" అంది. ఇరవై ఏళ్ల పొరుగులో ఆ సంగతి ఒబెనేవాకు తెలియనే తెలియదు.

చివరి మౌఖిక పరీక్షలో పెద్ద పాస్టరు బోయాఫో అడిగాడు. "శ్రమపడ్డావమ్మా, కాదనను. కానీ పేరే లేని బిడ్డ కోసం దేవుడి ముందు ఏమని ప్రార్థించమంటావు?"

ఒబెనేవా పుస్తకం మూసేసింది. "పాస్టరుగారూ, మీరు ఏ వారం పుట్టారు?"

"శనివారం."

"అంటే క్వామే. ఆ పేరు మీకెవరు పెట్టారు?"

"ఎవరు పెట్టేదేముంది? శనివారం పుట్టిన మగాడు ఎవడైనా క్వామేనే."

"మరి మనమే కదండీ ఎనిమిది రోజులు ఆగేది. దేవుడు ఆగలేదు. పుట్టిన రోజుతోనే పేరిచ్చి పంపాడు. నా కొడుకు బుధవారం పుట్టాడు. వాడి పేరు క్వాకు."

ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి.

బోయాఫో కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈ మాట నీ పుస్తకంలో ఏ పేజీలో ఉంది?"

"లేదండి. ఇప్పుడే తట్టింది."

"అయితే వెళ్లి రాయి. అది రాశాకే డిగ్రీ."

వారంలో రాసిచ్చింది. ఆ ఏడాది తరగతిలో మొదటి మార్కు ఆమెదే.

సంఘ పెద్దలు మూడుసార్లు కూర్చుని తర్జనభర్జన పడి, చివరికి ఆ బిడ్డల కోసం ఒబెనేవా అడిగిన ఆరాధనకు ఒప్పుకున్నారు. పదిమంది వస్తే గొప్పనుకున్నారు. ఆ ఆదివారం ఆరు ఊళ్ల ఆడవాళ్లు తెల్లబట్టలు కట్టుకుని వచ్చారు. బల్లలు చాలక మగవాళ్లు లేచి గోడవారన నిలబడ్డారు. ఒబెనేవా పిలవగానే ఒక్కొక్కరే లేచి, పుట్టిన వారాన్ని బట్టి తమ బిడ్డల పేర్లు చెప్పారు. యా. కోఫీ. అజువా. మాన్సా రెండు పేర్లు గట్టిగా చెప్పి కూర్చుంది. ఎనభై దాటిన ఒక ముసలమ్మ కర్ర ఊతంతో లేచి మూడు పేర్లు చెప్పింది. చెప్పి కూర్చోలేదు. కర్ర మనవరాలి చేతికిచ్చి, డప్పులవాళ్లకేసి చూసి, "ఏం, చేతులు పడిపోయాయా?" అంది.

డప్పు మోగింది. ముసలమ్మ చేతిగుడ్డ ఊపుకుంటూ బల్లల మధ్య అడుగులేసింది. ఆమె వెనకే పట్టా గౌనులో ఒబెనేవా, ఆ వెనక చర్చి మొత్తం.