బొంత బరువు

మార్చి నెల వచ్చిందంటే మా కాలేజీ వాళ్లకు ఆడవాళ్లు గుర్తొస్తారు. ఈ ఏడు వాళ్లకు గుర్తొచ్చింది నేను. గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అందులో నా మొహం నేనే గుర్తుపట్టలేనంత తెల్లగా ఉంది. పక్కన నేనూ నా విద్యార్థినులూ కలిసి తయారు చేసిన తూకం మిషన్ బొమ్మ, దాని కింద పల్లె పిల్లల ఆరోగ్యంలో విప్లవం అని పెద్దక్షరాలు. ఆ మాట చూసి నాకు ఒళ్లు మండింది. అది పిల్లల్ని తూచే మిషన్. తూచడం విప్లవం ఎట్లా అవుతుందని ప్రిన్సిపాల్‌ను అడిగితే, మీరు మరీ మొహమాటపడతారు మేడం అన్నారాయన. నాది మొహమాటం కాదు, కోపం. ఆ రెంటికీ తేడా తెలియని మనుషుల మధ్యే నా సర్వీసంతా గడిచిపోయింది.

నేను పుట్టిందీ పెరిగిందీ వరంగల్‌లోనే. మా నాయన మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఆ చప్పుడులో పెరిగినదాన్ని కాబట్టి గట్టిగా అరిస్తే తప్ప ఎదుటివాళ్లకు వినబడదని నా నమ్మకం. ఆ అలవాటు క్లాసులోనూ పోలేదు. నేను చదివిందీ ఇప్పుడు చెప్పేదీ కొలిచే పరికరాల గురించి. ఇంజనీరింగ్‌లో ఏం చదువుతున్నావని అడిగినప్పుడు ఈ ముక్కే చెబితే, కొలుసుడు గూడ ఓ సదువేనా అని మా నాయన నవ్వాడు. అప్పుడు ఉక్రోషం వచ్చింది. మొన్న మొన్నటి దాకా ఆ మాటకు నా దగ్గర మంచి జవాబే ఉందనుకున్నాను.

మిషన్ సంగతి చెప్పాలి. అంగన్‌వాడీలో పసిపిల్లల్ని లంగోటీ లాంటి సంచిలో కూర్చోబెట్టి, ఆ సంచిని కొక్కేనికి వేలాడదీసి తూచేవాళ్లు. పిల్లలు గుక్కపట్టి ఏడ్చేవాళ్లు. అది చూడలేక తల్లులు తూకం రోజున ఏదో ఒక పని పెట్టుకుని రాకుండా తప్పించుకునేవాళ్లు. నా విద్యార్థిని ఒకమ్మాయి తన అక్క కొడుకును అట్లా వేలాడదీయడం చూసి వచ్చి ల్యాబులో కళ్లనీళ్లు పెట్టుకుంది. అక్కడ మొదలైంది. పిల్ల హాయిగా పడుకునేటట్టు తొట్టి ఆకారంలో స్టీలు పళ్లెం, కరెంటు లేకున్నా నడిచే బ్యాటరీ, బరువు దానంతటదే నా కంప్యూటర్‌కు వచ్చే ఏర్పాటు. వాడడం కూడా తేలిక. పళ్లెంలో బట్ట పరచాలి, సున్నా మీట నొక్కాలి, పిల్లను పడుకోబెట్టాలి. మీట నొక్కితే బట్ట బరువు లెక్కలోంచి పోయి, పిల్ల బరువు ఒక్కటే కనబడుతుంది. చుట్టుపక్కల కొన్ని ఊళ్లకు ఇచ్చాం. తల్లులు రావడం మొదలుపెట్టారు. నాకు గర్వంగా ఉండేది, లేదని ఎందుకు అబద్ధం చెప్పాలి.

ఆ ఊళ్లలో ఒకదాని బరువులు చలికాలమంతా పెరుగుతూనే వచ్చాయి. అందులో ఒక పిలగాడి బరువు గీత మరీ చక్కగా మెట్లెక్కినట్టు ఎక్కింది. మహిళా దినోత్సవ సభలో చూపించడానికి ఆ పిల్లవాణ్ని మీరు ఎత్తుకున్న ఫోటో కావాలి అన్నారు ప్రిన్సిపాల్. సరేనని హనుమకొండలో బస్సెక్కి, దిగినచోట ఆటో పట్టుకుని, ఫోటో తీయడానికి ఒక విద్యార్థినిని వెంటబెట్టుకుని వెళ్లాను.

మేడారం జాతర అయిపోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఆ ఊళ్లో ఎవరింటికి వెళ్లినా ప్రసాదమని చేతిలో బెల్లం ముక్క పెడుతున్నారు. అంగన్‌వాడీ టీచరమ్మ నాకు కుర్చీ తుడిచి వేసింది. పిల్లవాడి నాయనమ్మ వాణ్ని బొంతలో చుట్టుకుని వచ్చింది, వెనక వాడి తల్లి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. ఎనిమిదో నెల పిల్లవాడు. బుగ్గన పెద్ద దిష్టిచుక్క. నాయనమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, చాలా ఏళ్లకు పుట్టిన మనవడనీ, వాడు దక్కితే వాడి బరువుకు సరిపడా బంగారం ఇస్తానని మేడారం తల్లులకు మొక్కుకున్నాననీ చెప్పింది. సమ్మక్క సారలమ్మలకు ఇచ్చే బంగారమంటే బెల్లమే. జాతరకు ముందు పిల్లవాణ్ని నా మిషన్ మీదే తూపించి, అంత బెల్లం కొని, దేవతల గద్దెల దగ్గర సమర్పించి వచ్చిందట.

"నీ మిషన్ ఎంత జెప్పిందో గంత బంగారం ఇచ్చిన బిడ్డా. ఇసుమంత గూడ తక్కువ గాలే" అంది.

మా కాలేజీలో ఏ శాలువా కప్పినా నాకు అంత సంతోషం కలగలేదు. నా పరికరం దేవతల దగ్గర కూడా చెల్లిందన్నమాట అనుకున్నాను. ఆ పొంగులోనే ఫోటో కోసం పిల్లవాణ్ని అందుకున్నాను. బొంత నాయనమ్మ చేతిలోనే ఉండిపోయింది. నిండుగా ఉందనుకుని ఎత్తిన బిందె ఖాళీదైతే చెయ్యి ఎట్లా ఒక్కసారిగా పైకి లేస్తుందో, నా చేతులు అట్లా లేచాయి. వాడిలో బరువు లేదు. కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. నా వేలు పట్టుకున్నాడు కానీ ఆ పట్టులో పట్టు లేదు.

నాకు ఏమీ అర్థం కాలేదు. నా లెక్క ప్రకారం వాడు ఏడు కిలోల పైచిలుకు. చేతుల ప్రకారం కానే కాదు. చేతిని నమ్మొద్దు, కన్నును నమ్మొద్దు, పరికరాన్ని నమ్మండి అని క్లాసులో గొంతు చించుకునేదాన్ని నేనే. ఇప్పుడు ఎవర్ని నమ్మాలి? ఫోటో తీస్తున్న అమ్మాయి నవ్వండి మేడం అంటోంది. నవ్వానో లేదో గుర్తులేదు.

ఒకసారి తూచండి అన్నాను. టీచరమ్మ మడతపెట్టిన బొంతను పళ్లెంలో పరిచి, దాని మీద పిల్లవాణ్ని పడుకోబెట్టింది. ఏడు కిలోల పైచిలుకు. నా కంప్యూటర్‌లో ఉన్న అంకెకు అటూ ఇటుగా అదే. నాకు ఇంకా అయోమయమైపోయింది, నా చేతులకే ఏమైనా జబ్బు చేసిందా అనుకున్నాను. అప్పుడు తట్టింది, ఆమె మీట నొక్కలేదు.

సున్నా ఎందుకు నొక్కలేదని అడిగాను. టీచరమ్మ నాయనమ్మ వైపు చూసింది, నాయనమ్మ నేల వైపు చూసింది. చివరికి టీచరమ్మే చెప్పింది. మొదట్లో నొక్కేదట. ఒకసారి ఒక తల్లి, తన బిడ్డ బట్ట మీద సున్నా పడడం చూసి, పిల్ల పండే బట్ట మీద సున్న ఏందని గొడవ చేసిందట. ఆ వారంలోనే ఆ పిల్లకు జ్వరమొచ్చింది. ఇంకేముంది, ఊరంతా తెలిసిపోయింది. బిడ్డ బట్ట మీద సున్నా పెట్టించుకోవడానికి ఏ తల్లీ ఒప్పుకోలేదు. నొక్కితే తూకానికి రామని చెప్పేశారు.

"వాళ్లు రాకపోతె ఇంక మిషన్ ఎందుకు మేడం? పల్చటి తువ్వాలనే కదా, ఏం ఫరకు పడ్తదని నేనూ ఊకున్న" అంది టీచరమ్మ.

ఎండాకాలంలో తువ్వాల. వానలకు దుప్పటి ముక్క. చలి పెరిగేకొద్దీ బొంత, ఆ మీద ఇంకా మందమైన బొంత. మెట్లెక్కింది పిల్లవాడి బరువు కాదు, నాయనమ్మ పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత. మా కాలేజీ గేటుకు వేలాడుతున్న విప్లవం అదే.

నా నోరు మంచిది కాదు. చదువుకున్నదానివి నీకైనా బుద్ధి ఉండొద్దా అని టీచరమ్మ మీద లేచాను. అంతటితో ఆగకుండా చెయ్యి చాపి మీట నొక్కబోయాను. నాయనమ్మ చటుక్కున పిల్లవాణ్ని బొంతతో సహా లాక్కుని గుండెకు హత్తుకుంది. ఆమె కళ్లలో భయం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తప్పు ఎవరిదని తిట్టాలి? పిల్ల బట్ట మీద శూన్యం చూడలేని తల్లిదా? తల్లులు రాకపోతే పిల్లలు మొత్తానికే కనబడకుండా పోతారని తలూపిన టీచరమ్మదా? బరువు పోయిందని చూపడానికి ప్రపంచంలో సున్నా తప్ప ఇంకేదీ లేదనుకున్న నాదా?

గొంతు తగ్గించి, అవ్వా, ఆ బొంత ఒక్కటి ఇయ్యి, పిలగాణ్ని నువ్వే పట్టుకో అన్నాను. ఇచ్చింది. ఖాళీ పళ్లెంలో బొంతను పెట్టాను. కిలో మీద ఇంకొంత చూపించింది. లెక్క ఎవరికీ చెప్పనవసరం లేకపోయింది. పిల్లవాడు ఆరు కిలోలు కూడా లేడు.

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ తల్లి మాట్లాడింది. ఇరవై ఏళ్లుంటాయేమో. మిరప చేలకు పోతోందట, పగలంతా పిల్లవాడు నాయనమ్మ దగ్గరే.

"చలి వడ్డకాడి నుంచి పాలు సరిగ తాగుతలేడు మేడం. కడుపు మాటిమాటికి జారుతాంది. ఎత్తుకుంటె తేలిగ్గున్నడని నాకు తెలుస్తనే ఉండె. మిషన్ల పెరుగుతాండు గదా, నాదే ఉత్త అనుమానమనుకున్న."

ఈ మాట నాకు తగలాల్సినచోటే తగిలింది. ఆమె చేతులు నిజం చెప్పాయి. నా మిషన్ వాటి నోరు మూయించింది. నేను కుర్చీలోంచి లేచి, ఇప్పుడే వరంగల్ తీసుకుపోదాం, పెద్ద దవాఖానలో ఇట్లాంటి పిల్లల కోసం తల్లీబిడ్డల్ని ఉంచుకుని చూసే వార్డు ఉంది, ఆలస్యం చేస్తే పిల్లవాడు చేతికి దక్కడు అని ఉన్నదున్నట్టు చెప్పాను. తల్లి అప్పుడే చెప్పులేసుకుంది. నాయనమ్మ మాత్రం కదల్లేదు.

"తల్లులు ఒప్పుకున్న బరువు బిడ్డా అది. గద్దెల మీద పెట్టొచ్చిన. ఇయ్యాల తక్కువున్నడంటె, వాళ్లకు అబద్ధం జెప్పినట్టు గాదా? దవాఖానకు తీస్కపోతె నా మొక్కు అబద్ధమని నేనే దండోర ఏసినట్టు."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మొక్కు తప్పు అంటే ఆమె లేచి వెళ్లిపోతుంది. ఒప్పు అంటే పిల్లవాడు పోతాడు. బొంతను మడతపెట్టి ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె దాని కుట్టును వేళ్లతో నిమిరింది. కోడలు ఏడుపు ఆపుకుంటోంది. చివరికి ముసలామె తనలో తాను లెక్క కట్టుకున్నట్టు అంది.

"అంటె బొంత ఎత్తు బంగారం గూడ ఇచ్చినన్నట్టు. ఎక్కువనే ఇచ్చిన. తక్కువైతె తప్పు గని ఎక్కువైతె తప్పేంది?" నా వైపు తిరిగింది. "గంత బరువు వాడు గావాలె ఇగ. తల్లులకు జెప్పిన మాట నిజం జెయ్యాలె. నీ మిషనే కదా చెప్పింది, నువ్వే దగ్గరుండి జెయ్యి. పా, ఆటో పిలువు."

ఆటోలో పిల్లవాడు నా ఒళ్లోనే ఉన్నాడు. వాణ్ని ఆ రోజే వార్డులో చేర్చుకున్నారు. ఇంకొన్నాళ్లు ఆగితే ఏం జరిగేదో డాక్టరమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు. తర్వాత మిషన్ ఇచ్చిన ఊళ్లన్నీ నా విద్యార్థినులతో కలిసి తిరిగాను. ఇంకో రెండు మూడు చోట్ల కూడా ఇదే కథ. పిల్లలందర్నీ బట్టలు లేకుండా మళ్లీ తూచాం, బరువు తక్కువని తేలిన వాళ్లను దవాఖానకు పంపాం.

సభ మాత్రం ఆగలేదు. వేదిక ఎక్కి జరిగిందంతా చెప్పాను. మీరు చూస్తున్న ఆ గీత పిల్లవాడిది కాదు, బొంతది అన్నాను. హాలంతా నవ్వింది, ఆ తర్వాత చప్పట్లు. ఎంత వినయం అనుకున్నారట. శాలువా కప్పారు. తప్పు జరిగిందని చెబితే చప్పట్లు కొట్టే లోకంలో ఇంక నిజం ఎట్లా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ శాలువా బరువెంత ఉంటుందో అన్న పిచ్చి ఆలోచన ఒకటి వచ్చి ఆ పూటంతా వదల్లేదు.

మీట సంగతి నా విద్యార్థినులే తేల్చారు. ఇప్పుడు బట్ట పరిచి మీట నొక్కితే తెర మీద సున్నా రాదు. "దా" అని వస్తుంది. పిల్లను రమ్మని పిలిచినట్టు. లోపల జరిగే లెక్క మారలేదు, ఒక్క అక్షరం మారింది. దీన్ని ఏ పత్రికకు రాసి పంపాలి, ఏ శాస్త్రం కింద పెట్టాలి? ఇన్నేళ్ల చదువులో ఇది నా పెద్ద పనో చిన్న పనో తేల్చుకోలేకుండా ఉన్నాను.

ఎండలు బాగా ముదిరాక ఆ ఊరు మళ్లీ వెళ్లాను. వార్డు నుంచి వచ్చినప్పటి నుంచి టీచరమ్మ పిల్లవాడి కోసం గుడ్డూ పాలూ విడిగా తీసిపెడుతోందట. తల్లి మధ్యాహ్నం చేలోంచి వచ్చి పాలిచ్చి పోతోంది. నాయనమ్మ వాణ్ని చంకనేసుకుని వచ్చింది. బొంత తేలేదు. పళ్లెం ముందు కూర్చుని, పిల్లవాడి చొక్కా విప్పింది, చేతి మురుగులు తీసింది, వెండి బిళ్ల ఉన్న మొలతాడు కూడా ముడి విప్పి పక్కన పెట్టింది. తల్లులకు చెప్పిన అంకెలో ఈసారి నూలుపోగు కూడా కలవకూడదని పంతం. టీచరమ్మ మీట నొక్కింది. దా అంది మిషన్.

అందరూ నన్నే చూస్తున్నారు. ఆ అంకె రాకపోతే ఈ ముసలామెకు ఏం చెప్పాలి? వస్తే మాత్రం నేను నమ్ముతానా? పళ్లెంలో పడుకోబెట్టబోతున్న వాణ్ని నేనే ముందు రెండు చేతులతో ఎత్తుకున్నాను. వాడు నా జుట్టు పట్టి లాగాడు, గట్టిగా. నా మోచేతులు కిందికి దిగాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అవి జుట్టు నొప్పికి వచ్చినవి కావు. బరువున్నాడు అవ్వా, బరువయ్యాడు అన్నాను.

నాయనమ్మ పిల్లవాణ్ని నా చేతుల్లోంచి తీసుకుంది.

"నీ చేతుల మాట ఎవలు నమ్ముతరు బిడ్డా? జరుగు, మిషన్ మీద పండవెట్టనీ."