అటక మీది అయిదు పెట్టెలు

సోమలింగం మామ ఏ వస్తువునూ పారేయడు. తన వస్తువులైతే పోనీ అనుకోవచ్చు. ఆయనకున్నవి రెండు లుంగీలు, ఒక గోడ గడియారం, అంతే. ఆయన దాచేవన్నీ ఇతరులవి. అరిగిన సబ్బుముక్క, తాళం లేని తాళంచెవి, మూడు పోగులు మిగిలిన పళ్ల బ్రష్షు, ఏది పారేయబోయినా చెయ్యి పట్టుకుని ఒకటే మాట అనేవాడు.

"మనిషొచ్చి అడిగితే ఏం జెప్పాలె?"

సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసే మేం ఏడుగురం గోడాదరా పేటలో ఒకే గదిలో ఉండేవాళ్లం. అందరిలోకీ పెద్దవాడు మామే. ఒకసారి మాలో ఒకడైన గంగారాం హడావుడిగా రైలుకి పోతూ ఒక చెప్పు గదిలో వదిలేసి, ఎవరిదో జత వేసుకుని పోయాడు. రెండో చెప్పు ఎలాగో అతని సంచిలో చేరింది. మామ ఈ చెప్పుని కడిగి, కాగితంలో చుట్టి, దేవుడి పటం కింద పెట్టాడు. రెండో చెప్పు జాగ్రత్త అని ఫోన్ కూడా చేశాడు. దాన్ని పారేశానని గంగారాం నిజం చెప్పేశాడు. వారం రోజులు మామ అతనితో మాట్లాడలేదు. చెప్పు మాత్రం పటం కిందే ఉంది.

కరోనా మొదటి ఏడాది మగ్గాలు ఆగిపోయాయి. యాభై రోజులు గదిలో ఒకరి మొహం ఒకరం చూసుకుని విసిగిపోయాక, ఊరికి రైలు వేశారని కబురొచ్చింది. మనిషికి ఒక్క సంచే. అందరూ పేర్లు రాసిన తమ రేకు పెట్టెలను అటకెక్కించి, తాళంచెవులు మామ చేతిలో పెట్టి, నెల రోజుల్లో వస్తామన్నారు. మామ మాత్రం కదల్లేదు. అందరూ పోతే పెట్టెలెవరు చూస్తారన్నాడు.

నేనొక్కడినే నిజాయితీగా మాట్లాడాను. ఈ జన్మలో సూరత్ మొహం చూడనని, నా పెట్టె పాతసామానువాడికి ఇచ్చెయ్యమని చెప్పి, తాళంచెవి గుమ్మం ముందు మురుగు మోరీలోకి విసిరేశాను. ఊళ్లో కూడా ఇదే మాట పదిమందికి చెప్పాను. అక్కడే తప్పు చేశాను.

రెండో ఏడాది వానాకాలంలో, చెప్పుకోవడానికి కొత్త అబద్ధం దొరక్క, చేతిలో పని లేక, మళ్లీ సూరత్‌లో దిగాను. ఒళ్లంతా అలసట. మామ ఏమంటాడోనని స్టేషన్ నుంచి గదిదాకా జవాబులు కూర్చుకుంటూనే ఉన్నాను. ఆయన తలుపు తీసి, "చాయ్ తాగుతవా?" అని మాత్రం అడిగాడు. నా పెట్టె నా చోటే ఉంది. నా దుప్పటి ఉతికి మడతపెట్టి ఉంది. మోరీలో పడేసిన తాళంచెవి మేకుకి వేలాడుతోంది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాను.

మిగతా అయిదుగురూ రాలేదు. వాళ్ల పెట్టెలు అటక మీదే ఉన్నాయి. ఇంతలో ఆ ఇల్లు చీరల గోదాము కాబోతోందని, ఆదివారానికల్లా ఖాళీ చెయ్యమని యజమాని చెప్పాడు. కాళ్లరిగేలా తిరిగి పక్క గల్లీలో ఒక గది పట్టుకున్నాను. ఇద్దరు మనుషులు, రెండు పెట్టెలు, మూడోది పెట్టడానికి జాగా లేదు. అయిదు పెట్టెలు వదలకపోతే మామకు ఆ గది లేదు. యాభై అయిదేళ్ల మనిషి పెట్టెలేసుకుని ఫుట్‌పాత్ మీద కూర్చోవాలి.

ఆ సంగతే చెప్పాను. మామ తలూపి, ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. ముందు బుచ్చిరాములు.

"మామా, నా పెట్టె ఉన్నదా?"

"ఉన్నది. వస్తవా మరి?"

"వస్తలే, జర ఆగు."

పరుశురాం అదే అడిగాడు, రాజమౌళి అదే అడిగాడు. బుచ్చిరాములు ఉపాధి పనికి పోతున్నాడని, పరుశురాం మేకలు కొన్నాడని నాకు తెలుసు. రానని ఒక్కడూ అనడు, అనకపోతే మామ వదలడు. వీళ్లతో వేగి వేగి నాకు ఓపిక చచ్చిపోయింది.

శనివారం మామ కార్ఖానాకి పోయాక నేనే అటకెక్కాను. అన్నిటికంటే పెద్దది బుచ్చిరాములు పెట్టె. బరువుంటుందని ఊపిరి బిగబట్టి గట్టిగా గుంజాను. పెట్టె, నేను కలిసి వెల్లకిలా కింద పడ్డాం. దాంట్లో ఏమీ లేదు. మిగతావి ఊపి చూశాను. అయిదూ ఖాళీ.

ఏడాదిన్నరగా ఖాళీ డబ్బాలకు కాపలా కాశాడా, లేక సామాను అమ్ముకున్నాడా అని నడుం పట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం మామ వచ్చి, దొంగతనం బయటపడ్డవాడిలా నేల చూశాడు.

మనవైపు పోయే ప్రతి మనిషి చేతా ఒక్కో మూట పంపాడట. చలికాలానికి బుచ్చిరాములు రగ్గు, పరుశురాం కూతురికని కొని ఇవ్వలేకపోయిన గౌను, రాజమౌళి పెళ్లి ఫోటో, ఒక్కొక్కటిగా అన్నీ ఇళ్లకు చేరాయట. చేరాయని వాళ్లే ఫోన్ చేశారట.

"ఖాళీ అని తెల్సి కూడా పెట్టె ఉన్నదా అని ఎందుకడుగుతున్రు?"

మామ లుంగీ అంచు సర్దుకున్నాడు.

"పెట్టె ఇంటికి పోయిందంటే పని పోయినట్టే, పరమేశం. ఊళ్లె ఎవలన్న అడిగితే, నా పెట్టె సూరత్‌ల ఉన్నది అంటడు. ఖాళీగున్నడు అనిపించుకోడు. గా ఒక్క మాట కోసమే ఉంచిన."

ఊళ్లో నేను చెప్పుకోలేక నలిగిన రోజులన్నీ గుర్తొచ్చాయి. ఆయన మీద పడ్డ విసుగుకి సిగ్గేసింది.

ఆదివారం పొద్దున మామే పెట్టెలు దించి తుడిచాడు. ఎదురింట్లో కొత్తగా దిగిన ఒడియా కార్మికులు బట్టలు గోనెసంచుల్లో పెట్టుకుని ఉన్నారు. వాళ్లకు తలా ఒకటి ఇచ్చి, మనిషొస్తే ఇచ్చెయ్యాలని తనకొచ్చిన హిందీలో షరతు పెట్టాడు. "ఆద్మీ ఆయా తో దేనా పడేగా." వాళ్లు సరేనని, పెట్టె మీద రాసిన తెలుగు పేర్లు ఏ దేవుడివని అడిగారు.

కొత్త గదికి చేరేసరికి గంగారాం ఫోన్. మామ గొంతు సవరించుకున్నాడు.

"ఉన్నది. గోడాదరాలనే ఉన్నది. పొద్దుమాపు మనిషి కాపలా ఉన్నడు."

ఒక్క ముక్క అబద్ధం లేదు. ఫోన్ పెట్టేశాక అడిగాను, అందరివీ పంపినవాడివి నావి ఎందుకు పంపలేదని.

"వస్తనన్నోళ్లయి పంపిన. నువ్వు రానంటివి గద, రానన్నోడే వస్తడు," అన్నాడు మామ, గడియారానికి మేకు కొడుతూ.

నేను ఖాళీ చేసిన గదిని ఊడ్చి రావడానికి వెళ్లాను. దేవుడి పటం ఉండే చోట కాగితం పొట్లం మిగిలిపోయింది. చెత్తబుట్ట పక్కనే ఉంది. చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. ఆ ఒంటిచెప్పు ఇప్పుడు నా పెట్టెలో ఉంది. రేపు గంగారాం వచ్చి అడిగితే ఏం చెప్పాలి?