‘ఖాళీ’ అని రాసిన గడి

మొన్న మా శిక్షణ కేంద్రానికి వచ్చిన దరఖాస్తుల్లో ఒకదాని మీద నా కన్ను ఆగిపోయింది. ‘చేస్తున్న పని’ అన్న గడిలో ‘ఖాళీ’ అని ఉంది. ఆ చేతిరాత నాకు తెలుసు. మా పెద్దమామది, అంటే మా మామగారి అన్నది. పన్నెండేళ్ల కిందట నా దరఖాస్తులోనూ ఆయన ఇదే మాట రాశారు.

మాది కడప పక్క నేతగాళ్ల ఊరు. మా ఇళ్లలో మగ్గం మీద కూర్చునే మగవాడే నేతగాడు. అతనికి నూలు కండెలు చుట్టిచ్చేదీ, మగ్గానికి నిలువుపోగుల కొత్త పడుగు వచ్చినప్పుడు పాత పోగు కొసకు కొత్త పోగును మెలిపెట్టి అతికేదీ ఆడవాళ్లే అయినా, దాన్ని ఎవరూ పని అనరు. వేలకొద్దీ పోగులు అతికి, నడుము పట్టేసి లేస్తుంటే, “ఖాళీగానే ఉండావు కదా, టీ పెట్టుపో” అనేవారు పెద్దమామ. చీరల డిజైన్లు కంప్యూటర్లో గీయడం నేర్పుతామనీ, నేత పని తెలిసిన ఆడవాళ్లకే సీటనీ ఈ కేంద్రం వాళ్లు చాటించినప్పుడు ఎగిరి గంతేశాను. దరఖాస్తు ఇంటిపెద్దే నింపాలన్నారు, ఆయన నింపారు, ‘ఖాళీ’ అన్న మాట చూసి కేంద్రం వాళ్లు నన్ను తిప్పి పంపారు. పాపం, పెద్దమామ కావాలని చేయలేదు. నిజంగానే అలా అనుకున్నారు. నాకు ఇప్పటికీ మండేది అందుకే. పక్కింటి సాయిబుల పిన్నిని ఖాలా అంటాం, ఆమె కూతురి జిరాక్సు షాపులోని కంప్యూటర్ మీద ఏళ్ల తరబడి తంటాలు పడి నేర్చుకున్నాను. వేరుకాపురం పెట్టాను. ఇప్పుడు ఈ కేంద్రంలో డిజైన్లు నేర్పేదీ, దరఖాస్తులు చూసేదీ నేనే.

కబురు పెడితే నిన్న పెద్దమామ, ఆ దరఖాస్తు ఎవరిదో ఆ మనవరాలిని వెంటబెట్టుకొని వచ్చారు. దరఖాస్తులకు నిన్నే ఆఖరు రోజు. కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, కాగితం ఆయన ముందుకు తోశాను. మర్యాదలో లోటు చేస్తే కసి తీరదు.

“ఖాళీగా ఉండే పిల్లకి ఈడ సీటు లేదు మామా.”

“అదేందమ్మా, పొద్దున్నుంచీ కండెలు చుడతానే ఉంటాది కదా.”

“మరి ఆ పని రాయలేదే?”

“అది పనెట్లయితాదమ్మా?”

గోడకానుకున్న పిల్ల మొహం పాలిపోయింది. సీటు ఇవ్వాలని నేను ముందే అనుకున్నాను. ఆయనకు మాత్రం చెప్పలేదు. చెమటలు పట్టడం చూడాలనిపించింది, తనివితీరా చూశాను. గడి దిద్దించాక తెల్లకాగితం ఇచ్చి, ఆ ఇంట్లో కండె పట్టిన ఆడవాళ్లందరి పేర్లూ, ఎదురుగా వాళ్ల పనీ రాయమన్నాను. అలాంటి నిబంధనేదీ లేదు. కోడళ్లవి రాశారు, మనవరాలిది రాశారు. నా పేరు దగ్గర పెన్ను కాసేపు ఆగింది. ‘నేత’ అని రాసి, తలెత్తకుండా కాగితం ఇచ్చారు.

“పెద్దత్త పేరు లేదు మామా.”

“పోయినామెది ఏంటికమ్మా?”

“రాయండి.”

పెద్దత్త ఆయన భార్య, నలభై ఏళ్లు ఆయన మగ్గానికి కండెలు అందించిన మనిషి. ఆయన కాగితం మళ్లీ తీసుకొని, దాని మీదకు వంగి ఒక్కో అక్షరమే రాశారు. జాలి కలుగుతుందేమో అనుకున్నాను, కలగలేదు. మనవరాలి దరఖాస్తు మీద సంతకం చేసి, ఆ తెల్లకాగితాన్ని నేను ఇంటికి తెచ్చుకున్నాను. పెద్దత్త పేరు పక్కన ‘నేత’ అన్న మాట పడింది, ఆమె కన్నుమూసిన ఆరేళ్లకు.