మా మరిది దాటని గడపలు

హైదరాబాద్ పాతబస్తీ ఛత్రినాకలో మా పాలు, పెరుగు దుకాణంలో ఒక చిన్న టీవీ ఉంది. గిరాకీ పెరుగుతుందని మా ఆయన పెట్టించాడు గానీ, దానివల్ల ఒక్క పెరుగు ప్యాకెట్టు ఎక్కువ అమ్ముడుపోగా నేను చూడలేదు. మొన్న పొద్దున అందులో ఒక దేశం సైన్యం ఇంకో దేశంలోకి దిగిందని వార్త వస్తోంది. ట్యాంకులు, పొగ, వాటిని మించిపోయి అరుస్తున్న యాంకరు. పెరుగు కోసం వచ్చిన పక్క గల్లీ టైలరు కాసేపు చూసి, "రెండు దినాల్ల సాఫ్ చేసి వాపస్ వస్తరు, ఏం ఫికర్ లేదు" అని తీర్పు చెప్పేసి బండెక్కి వెళ్ళిపోయాడు. నాకు మా మరిది గుర్తొచ్చాడు. పోయినేడు కన్నుమూశాడు. ఉండి ఉంటే లేచి ఆ టీవీ కట్టేసేవాడు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి కొట్టం నిండా బర్రెలుండేవి. మామ తాతలనాటి నుంచి పాల వ్యాపారమే. ఇప్పటివాళ్ళకు చెబితే నమ్మరు గానీ, అప్పట్లో మా గల్లీల్లో పాలు పోసే మనిషి గుమ్మం దగ్గర ఆగేవాడు కాదు. పరదా దగ్గర ఒకసారి "దూద్" అని పిలిచి, ఓసారి దగ్గి, లోపలి ఆడవాళ్ళు పక్క గదిలోకి తప్పుకునేంత సేపు ఆగి, నేరుగా వంటింట్లోకి నడిచేవాడు. కడిగి బోర్లించి ఉంచిన గిన్నె తిప్పి, పాలు కొలిచి, పైన కొసరు పోసి, మూత పెట్టి వచ్చేవాడు. దూరపు చుట్టాలను ఆపేసే పరదాలు మావాళ్ళను ఆపేవి కావు. మామకు దాని మీద మహా గర్వం. పాలు చిక్కగా ఉన్నాయని ఎవరైనా మెచ్చుకుంటే, "అది బర్రె గొప్పతనం. ఇండ్లల్లకు రానిస్తున్నరు సూడు, గది మన ఇజ్జత్" అనేవాడు. మరిది మీసాలు రాకముందు నుంచే మామ వెంట తిరిగాడు. ఎవరి పొయ్యి మీదైనా పాలు పొంగుతుంటే అది ఎవరి వంటిల్లని చూసుకోకుండా దించేసేవాడు. అదేమని అడిగినవాళ్ళు లేరు.

అతను దేశభక్తితో పటాలంలో చేరాడని చెప్పుకుంటే బాగుంటుంది. నిజానికి పేడ ఎత్తడం ఇష్టం లేక చేరాడు. పరుగులో ముందుండేవాడు కాబట్టి తీసుకున్నారు. నా పెళ్ళయిన కొన్నేళ్ళకు అతన్ని శ్రీలంకకు పంపారు. అప్పట్లో మాకు తెలిసిన సంగతి ఇంతే: అక్కడి తమిళులకూ, సింహళం మాట్లాడే ప్రభుత్వానికీ ఏళ్ళ తరబడి పోరు. వాళ్ళ ప్రభుత్వం, మన ప్రభుత్వం కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. తుపాకులు పట్టినవాళ్ళ చేత వాటిని దింపించడానికి, శాంతి నిలబెట్టడానికి మన సైన్యం వెళ్ళింది. యుద్ధానికి కాదు, లొల్లి ఆపడానికే కదా అని అత్త ఊపిరి పీల్చుకుంది. మొదట్లో తమిళులు మనవాళ్ళ మెడలో దండలు వేశారట, కొబ్బరి బోండాలు కొట్టి ఇచ్చారట. కొన్ని నెలలు తిరక్కుండానే, ఎవరిని కాపాడాలని వెళ్ళారో వాళ్ళ కుర్రాళ్ళతోనే మనవాళ్ళకు యుద్ధం మొదలైంది. మా ఆయన పేపరు చదివి వినిపిస్తే మామ గడ్డం నిమురుకున్నాడు. "బయటోడు తుపాకి వట్టుకొని ఇంట్లకొచ్చినంక, వాడు దేనికొచ్చిండో ఎవడు యాదుంచుకుంటడు" అన్నాడు.

పేలుడులో ఒక చెవి వినికిడి పోవడంతో మరిదిని పటాలం నుంచి ఇంటికి పంపించేశారు. అప్పటికి మామ మోకాళ్ళు పట్టేశాయి. కొట్టం, గడ్డి మా ఆయన చూసుకుంటున్నాడు. ఇళ్ళకు తిరిగే మనిషి లేకపోతే రోజూ పాలు పోయించుకునే వాడుకలు పోతాయి, వాడుకలు పోతే బర్రెలు అమ్ముకోవాలి. మరిది సరేనని సైకిలుకు క్యాన్లు కట్టుకుని బయల్దేరాడు. ఎండెక్కాక తిరిగొస్తే పాలు సగానికి సగం అలాగే ఉన్నాయి. ఏ ఇంట్లోకీ వెళ్ళలేదట. గడప బయట నిలబడి పిలవడం, ఎవరైనా గిన్నె తెస్తే పోయడం, తేకపోతే ముందుకు సాగిపోవడం. రోజూ ఇదే వరస. మీవాడు మిలిటరీకి పోయి పెద్ద సాబ్ అయ్యాడు, ఇక మేమే ఎదురెళ్ళి సలాం కొట్టాలా అని ఒక ఇంటావిడ కబురంపింది. మామ తిట్టాడు, అత్త దిష్టి తీసింది. ఏదీ పనిచేయలేదు. ఒక్కో ఇల్లూ ప్యాకెట్ పాలకు మారిపోయింది. ఈనిన బర్రెను ఒకదాన్ని అమ్మిన రోజు మామ అన్నం ముట్టలేదు.

ఒక సాయంత్రం మిగిలిన పాలు కోవా చేద్దామని పొయ్యి మీద పెట్టి, పెరట్లో బట్టలు తీయడానికి వెళ్ళాను. మాడు వాసన వస్తే పరిగెత్తుకొచ్చాను. పాలు పొంగి పొయ్యంతా పారుతున్నాయి. మరిది పక్కనే పీట మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాడు. దించితే నీ సొమ్మేం పోయిందని కసిరాను. అతను తలెత్తకుండా చెప్పాడు.

"గాడ లంకల ఒకరింట్ల సోదా చేయనీకె పోయినం వదినె. తలుపు తన్ని పోయినం. లోపల ఒకామె, చిన్న పిల్ల. పొయ్యి మీద పాలు పొంగుతున్నయ్. నా చెయ్యి ఆగలే. తుపాకి భుజానికేసుకొని దించిన."

ఆమె అరవలేదట, ఏడవలేదట. ఇల్లంతా వెతికి, ఏమీ దొరక్క వాళ్ళు బయటికొస్తుంటే, ఆ వేడి గిన్నెను కొంగుతో పట్టుకుని వెనకాలే వచ్చి, అతను చూస్తుండగానే పాలన్నీ వాకిట్లో మట్టిలో పోసేసింది. కర్ఫ్యూతో ఊళ్ళో పాలన్నవే దొరకని రోజులవి. పిల్ల ఆకలికి గిన్నె పట్టుకుని ఏడుస్తూనే ఉందట.

"నేను ముట్టిన పాలు బిడ్డకు పొయ్యలే. ఆమె తప్పేం లేదు. ఇగ నాతోని ఎవరింట్లకు పోవుడు కాదు వదినె" అన్నాడు.

నాకు దుఃఖం ఆగలేదు. పొయ్యి తుడుస్తూ ఏడ్చాను. ఆ రాత్రే మామకు చెప్పాను. తెల్లారి నన్ను పిలిచి, "నువ్వు గూడ పో బిడ్డా. వాడు బయట నిలవడతడు, లోపలికి నువ్వు పో" అన్నాడు. కోడలు పాల క్యాన్ పట్టుకుని గల్లీలు తిరగడం మా ఇంట్లో అంతకు ముందు లేదు. నేను ఈ వ్యాపారంలోకి వచ్చింది అలా. అతను సైకిలు పట్టుకుని నిలబడితే నేను వంటిళ్ళలోకి వెళ్ళి పోసి వచ్చేదాన్ని. ఆడమనిషినని దగ్గాల్సిన పని కూడా తప్పింది. పోయిన వాడుకల్లో కొన్ని తిరిగొచ్చాయి, ఉన్న బర్రెలు మిగిలాయి.

యాకుత్‌పురా స్టేషన్ దగ్గరి గల్లీలో మేం బడీమా అని పిలిచే ముసలామె ఉండేది. మరిదిని చిన్నతనం నుంచీ ఎరిగిన మనిషి. నడుం పడిపోయి మంచం మీదే ఉండేది. నేను వెళ్ళిన ప్రతిసారీ వాడేడని అడిగేది, గుమ్మం బయటే ఉన్నాడంటే అలిగేది. ఒకరోజు ఉన్నదంతా చెప్పేశాను. ఆమె జపమాల తస్బీ తిప్పుకుంటూ అంతా విన్నది. మర్నాడు మేం వెళ్ళేసరికి, కోడళ్ళ చేత కుర్చీతో సహా మోయించుకుని, పరదా దాటి గడప మీద కూర్చుని ఉంది. చేతిలో ఖాళీ గ్లాసు.

"తూ అందర్ నై ఆతా, తో మైఁ బాహర్ ఆయీ" అంది. నువ్వు లోపలికి రావు కాబట్టి నేనే బయటికొచ్చానని.

గ్లాసులో పోయమంది. అతను పోశాడు. కాచని పచ్చి పాలు, అతని ముఖంలోకి చూస్తూ, మధ్యలో దించకుండా తాగేసింది. మరిది సైకిలు హ్యాండిల్ మీద తల వాల్చి, గల్లీ అంతా చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఇక లోపలికి వెళ్తాడని ఆశపడ్డాను. వెళ్ళలేదు. ఎవరింట్లో పెళ్ళయినా, చావయినా బయటే కుర్చీ వేయించుకునేవాడు. బడీమా తాగింది కదా, ఇంకా ఎందుకయ్యా అని చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి అడిగాను. "బడీమా మంచిది వదినె. పారవోసింది ఆమె కాదు గద" అన్నాడు. ఆ దీవి నుంచి మన సైన్యం ఎప్పుడో తిరిగొచ్చేసింది. ఒప్పందం మీద సంతకాలు పెట్టిన పెద్దలిద్దరూ లేరు. ఆ పిల్ల బతికుంటే తనకే పిల్లలుండే వయసు, ఆ పొద్దు ఆమెకు గుర్తుందో లేదో. మా ఇంట్లో మాత్రం ఆ ఒక్క పొద్దు గడవడానికి మా మరిది జీవితమంతా పట్టింది.