పక్కింటి ఫోన్లో తేలిన ముగింపు

నా మొదటి కథకు ముగింపు ఏమిటో పక్కింటి హాల్లో నిలబడి తేల్చాల్సి వచ్చింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. ఏలూరు పవర్‌పేటలో మాకు ఫోన్ లేదు. పత్రికకు కథ పంపేటప్పుడు పక్కింటి పిన్నిగారి నంబరే, పిలిచి ఇచ్చే ఫోనని తెలిసేలా పక్కన పి.పి. అని రాసి పంపాను. ఆవిడ గోడ మీంచి పిలిస్తే చేతులు తుడుచుకుంటూ పరిగెత్తాను.

ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ మామూలుగా లేరు. బడిలో పాఠాలు చెప్పే ఉద్యోగం మానిపించారని వాళ్ళమ్మాయి గుండుగొలను అత్తారింటి నుంచి వచ్చేసి నెల దాటింది. దాన్ని అందరూ అలక అనేవారు. మా పేటలో ఆడపిల్ల ఏ నిర్ణయం తీసుకున్నా దానికి అదే పేరు. మధ్యాహ్నం అల్లుడు తీసుకెళ్ళడానికి వస్తున్నాడని పిన్నిగారు బ్యాగు సర్ది గుమ్మం పక్కన పెట్టేశారు. ఆ అమ్మాయి నేల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

ఫోన్లో ఉపసంపాదకుడు. మహా మర్యాదస్తుడు.

"కథ బాగుందండీ. చివర్లో ఆవిడ భర్త దగ్గరకు వెళ్ళిపోయేట్టు మార్చితే వచ్చే వారమే వేసేస్తాం. లేకపోతే కష్టమండీ. ఇప్పుడే చెప్పేయండి, పేజీలు ప్రెస్సుకు వెళ్ళిపోతున్నాయి."

నా కథలో మనిషి మొగుణ్ణి కాదని, ఒక్కదాన్నే బతుకుతానని బస్సెక్కుతుంది. అక్కడితో కథ అయిపోతుంది. ఆ రోజుల్లో ఆడవాళ్ళం రాసిన కథలు చాలావరకు అక్కడే ఆగేవి. గడప దాటించేసి చేతులు దులుపుకునేవాళ్ళం. అదేమీ నాకప్పుడు తట్టలేదు. అచ్చులో నా పేరు చూసుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

లైను సరిగ్గా లేదు. "తిరిగి వెళ్ళిపోవాలంటారా అండీ?" అని గట్టిగానే అడిగాను. ఆ అమ్మాయి చేతులు ఆగిపోయాయి. సరేనండీ అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఉంది.

"వెళ్ళదండీ," అన్నాను. "ఎవరొచ్చి పిలిచినా వెళ్ళదు."

"మీ ఇష్టం మేడమ్," అని ఆయన పెట్టేశాడు. కథ పోయిందని తెలిసిపోయింది. ఏడుపొచ్చినంత పనైంది.

పిన్నిగారి మొహం మాడిపోయింది. "మా ఇంటి గొడవ ఫోన్లో ఎవరికి చెబుతున్నావమ్మా?"

"మీ గురించి కాదు పిన్నిగారూ. కథలో మనిషండీ."

"కథలోనా," అని ఊపిరి పీల్చుకుని ఆవిడ వంటింట్లోకి వెళ్ళారు.

అమ్మాయి తలెత్తకుండా అడిగింది. "వెళ్ళకపోతే ఎక్కడ ఉంటుందక్కా?"

నా కథలో దానికి జవాబు లేదు. తెలియదనడానికి నామోషీ.

"వట్లూరులో, ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా. గది వాళ్ళే ఇస్తారు," అనేశాను.

"మీవారు ఏరీ అని అడిగితే?"

"పిల్లల భోజనాల వేళయింది, తర్వాత మాట్లాడదామంటుంది."

ఆ అమ్మాయి నవ్వలేదు. "ఒక్కతే పడుకోవడానికి భయం వెయ్యదా?"

"వేస్తుంది. గడియ వేసుకుని పడుకుంటుంది."

వీధిలో ఆటో ఆగింది. పిన్నిగారు కొంగు సర్దుకుంటూ ఎదురెళ్ళారు. "రండి బాబూ, అమ్మాయి రెడీగానే ఉంది." అల్లుడు కూర్చోకుండానే బ్యాగు అందుకున్నాడు. అక్కడే ఉండాలో ఇంటికి పోవాలో తెలియక నేను ఫోను పక్కనే నిలబడిపోయాను.

ఆ అమ్మాయి లేచి అతనికి మంచినీళ్ళు ఇచ్చింది.

"బ్యాగు అక్కడ పెట్టేయండి. నేను రానండీ. రేపు అక్కతో వట్లూరు వెళ్ళి ఆ హాస్టల్లో పని అడుగుతాను."

ముగ్గురూ నావైపు తిరిగారు. అదంతా కథండీ, అలాంటి హాస్టల్ ఉందో లేదో నాకే తెలియదండీ అని ఒక్క మాటంటే చాలు, ఆ ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునేవారు, ఒక్క ఆ అమ్మాయి తప్ప.

"ఏ హాస్టలండీ?" అని అతను నన్నే అడిగాడు.

"పేరు రేపు చెబుతానండీ," అన్నాను.