చెక్కనేలకు పట్టిన తొంభై రెండు రోజులు

జూలై మూడో తేదీ, గురువారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు మా ఆయన పదకొండు అడుగులు నడిచారు. తిరుపతిలో ఒక ఆసుపత్రి రెండో అంతస్తులో, రోగులకు వ్యాయామం చేయించే గదిలో. తుంటి ఎముక ఆపరేషన్ అయ్యాక ఆయన కాలు నేల మీద మోపి నడవడం అదే మొదటిసారి. పక్కన నిలబడి నేను లెక్కపెట్టాను. ఆ గదికి చెక్కనేల ఉంది.

వ్యాయామం చేయించే అమ్మాయి ఆయన తొడకు టేపు చుట్టి కొలిచింది. నలభై ఆరు సెంటీమీటర్లు. "అమ్మా, ఇంటికి పోయినాక దినామూ నడిపించాల. మూడు నెలలు. అంతలోపల కాలికి బలం రాకపోతే మళ్లీ లేవడం కష్టం" అంది.

ఇంటికి వచ్చి మంచం దిగమంటే ఆయన దిగలేదు. మా ఇంట్లో నేల అంతా అద్దంలా మెరిసే టైల్సు. ఆరేళ్ల కిందట పాత నాపరాళ్లు తీయించి వాటిని వేయించింది నేనే. ఆ టైల్సు మీదే ఆయన రెండుసార్లు పడ్డారు. మొదటిసారి బాత్రూము తలుపు దగ్గర. రెండోసారి, జారకుండా ఉంటుందని నేను వేసిన రబ్బరు పట్టాతో సహా జారారు. తుంటి విరిగింది అప్పుడే. పట్టుండే చెప్పులు కొనిస్తే వేసుకోలేదు.

"ఇంట్లో చెప్పులా? ఎదురుగా దేవుడి పటాలు పెట్టుకోని?" అన్నారు. "ఆసుపత్రిలో మాదిరి చెక్క ఉంటే నడస్తా. చెక్క కాలిని పట్టుకుంటాది. ఇది తోసేస్తాది."

అట్లా మొదలైంది.

జూలై ఏడున, సోమవారం, వడ్రంగం చేసే ఒక ఆచారిని పిలిపించాను. గది చూశాడు, గోడ మీద అరచేత్తో తట్టాడు. "రెండు దినాల్లో ఏసేసి పోతానమ్మా. బుధవారానికి అయ్య నడస్తాడు."

"గోడకూ చెక్కకూ మధ్య సందు ఎంత వదులుతావు?" అని అడిగాను.

"సందు ఎందుకు? గోడకు ఆనించి బిగిస్తేనే గదమ్మా అందం."

"వానాకాలంలో చెక్క ఉబ్బితే యాడికి పోతాది?"

"యాడికి పోతాది? ఈడే ఉంటాది."

అతన్ని పంపేశాను. ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఇంజనీరింగు ఆఫీసులో పనుల కొలతల పుస్తకాలు రాసినదాన్ని. సందు వదలని వాడికి గది అప్పగించలేకపోయాను. మేమే వేసుకుంటామని ఇంట్లో చెప్పాను. మేము అంటే నేనూ, మా ఆడబిడ్డ. ఆమె ఉండేది పాకాలలో, నాకంటే ఏడేళ్లు చిన్నది, వారానికి రెండు రోజులు రైల్లో వచ్చి అన్నను చూసుకునేది. ఫోన్లో వీడియోలు చూస్తే అదేమంత కష్టంగా కనబడలేదు. పలకకు ఒక అంచున గాడి, రెండో అంచున ఆ గాడిలో దూరే నాలుక. పీట మీద కూర్చుని ఒకదాన్ని ఒకదానికి తొడుగుతూ పోవడమే.

గది పొడవు పద్నాలుగు అడుగులు, వెడల్పు పదకొండు. నూట యాభై నాలుగు చదరపు అడుగులు. పలక నాలుగడుగుల పొడవు, ఐదంగుళాల వెడల్పు. కోతల్లో పోయేది పదో వంతు కలుపుకుంటే నూట రెండు పలకలు కావాలి. పెట్టెకు పన్నెండు చొప్పున తొమ్మిది పెట్టెలు, నూట ఎనిమిది పలకలు. రెండు గోడల వైపూ అర అంగుళం సందు వదిలి వరుసలు వేసుకుంటూ పోతే చివరి వరుసకు ఒక అంగుళం మాత్రమే మిగులుతోంది. అందుకని మొదటి వరుసనూ చివరి వరుసనూ మూడంగుళాలకు కోయాలని నిర్ణయించాను. ఇదంతా గళ్ల కాగితం మీద గీసి ఆయనకు చూపించాను.

మా ఆయన ముప్పై నాలుగేళ్లు బస్సు కండక్టరు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. "నేను పొయ్యేది మంచం కాడ్నించి బాత్రూము దాకా. బస్సు పొయ్యేది రోడ్డు మీద గదే? దానికి ఊరంతా తారు పోస్తారా?"

"ముక్క వేస్తే అంచు కాలికి తగులుతాది. మళ్లీ పడతారు."

"సరేలే. టికెట్టు కొట్టేసినావు. బస్సు ఎప్పుడు కదిలితే అప్పుడే."

జూలై పద్నాలుగున ఆయన మంచం హాల్లోకి మార్చి గది ఖాళీ చేశాం. అక్కడ నుంచి బాత్రూము దూరం కాబట్టి మంచం పక్కనే కమోడు కుర్చీ పెట్టాను. నెలాఖరుకు మళ్లీ గదిలోకి వెళతారు కదా అనుకున్నాను.

పదహారున మట్టం చూశాం. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు ఒక కొన నేను, ఒక కొన మా ఆడబిడ్డ పట్టుకున్నాం. హాలు వైపు గుమ్మం నుంచి ఎదుటి గోడకు ముప్పావు అంగుళం వాలు ఉంది. ఉండక ఏం చేస్తుంది? మా వైపు ఇల్లు కట్టేటప్పుడే వాలు పెడతారు. పండగకూ పబ్బానికీ వీధి గుమ్మం నుంచి బకెట్లతో నీళ్లు పోసి చీపురుతో తోస్తే, ఆ నీళ్లు హాలు దాటి, గది దాటి, గోడ అడుగున ఉన్న తూములోంచి పెరట్లో మల్లెచెట్టు పాదులో పడాలి. మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా అట్లాగే పడుతున్నాయి.

చెక్కనేలకు వాలు పనికిరాదు. పల్లంగా ఉన్న వైపు సిమెంటు పోసి మట్టం చేయాలి. ఆ పనికి ఒప్పుకున్న మేస్త్రీ "రేపు వస్తానమ్మా" అని పన్నెండు రోజులు చెప్పాడు. పదమూడో మాట చెప్పకుండా జూలై ఇరవై ఎనిమిదిన వచ్చాడు. పలచగా కలిపిన సిమెంటు బయటికి కారిపోకుండా తూము మూయమని చెప్పాను. గుడ్డ ఉండ కుక్కి, పైన సిమెంటు నున్నగా మెత్తాడు. పని బాగుందని నేను మెచ్చుకున్నాను కూడా.

సిమెంటు సంచి మీద ఏడు రోజులు ఆరనివ్వాలని రాసి ఉంది. మా ఆఫీసులో ఏ సిమెంటు పనికైనా ఇరవై ఎనిమిది రోజులు రాసేవాళ్లం. ఇరవై ఎనిమిది రోజులే ఆగాను. ఆగస్టు ఇరవై ఐదు అయింది. ఆ మధ్యలో వ్యాయామం అమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసింది. "నేల కోసం ఆగొద్దమ్మా, ఇద్దరూ చెరో పక్క పట్టుకోని నాలుగడుగులు ఏయించండి" అంది. ఆయన హాలు టైల్సు మీద కాలు పెట్టనన్నారు. నేను కూడా గట్టిగా పట్టుబట్టలేదు. నేల వచ్చేస్తోంది కదా.

నేల రాలేదు. చెన్నై నుంచి ఇరవై ఏడున రావలసిన పెట్టెలు ఏదో కాగితం సరిగా లేదని రాష్ట్రం సరిహద్దులో తడ దగ్గర ఆగిపోయాయి. రోజూ పొద్దున్నే తొమ్మిదింటికి డ్రైవరుకు ఫోన్ చేశాను. నాలుగో రోజు నుంచి ఎత్తడం మానేశాడు. సెప్టెంబరు నాలుగున వచ్చినవి ఎనిమిది పెట్టెలు.

"ఎనిమిది పెట్టుకోని మొదలు పెడదాం వొదినా" అంది మా ఆడబిడ్డ. "తొమ్మిదోది వచ్చేలోపల సగం గది అయిపోతాది."

"తొమ్మిదో పెట్టె రంగు వేరేగా ఉంటే? అన్నీ కలిపి చూసుకోని వరుస పెట్టాల."

"అన్నకు రంగు కాదు వొదినా కావాల్సింది."

ఎనిమిది పెట్టెలనూ విప్పకుండా గోడ వారగా పెట్టించాను. తొమ్మిదో పెట్టె పన్నెండున వచ్చింది. రంగు ఒకటే. గది గాలికి చెక్క అలవాటు పడటానికి మూడు రోజులు విప్పి ఉంచాలని పెట్టె మీద ఉంది. వానాకాలమని నేను పది రోజులు పెట్టాను. ప్లాస్టిక్ కవర్లు చింపి, గాలి ఆడేలాగా అడ్డంగా, నిలువుగా, వరుసకు నాలుగు చొప్పున మూడు వరుసలు పేర్చాం. అట్లాంటి దొంతరలు తొమ్మిది. గది తలుపు మూసి, సెప్టెంబరు ఇరవై రెండు, సోమవారం ఉదయం ఎనిమిదికి పని మొదలని క్యాలెండరులో సున్నా చుట్టాను.

ఇరవయ్యో తేదీ, తమిళుల లెక్కలో పెరటాసి నెల మొదటి శనివారం. ఆ రోజు మా ఇంట్లో స్వామికి తళిగ వేస్తాం. అరిటాకులో అన్నం, పప్పు, పులుసు, వడలు పెట్టి కర్పూరం వెలిగించి గోవిందా అంటాం. దానికి ముందురోజు ఇల్లు కడగాలి.

శుక్రవారం పొద్దున ఆరున్నరకు మా ఆడబిడ్డ బకెట్టు పట్టుకుని నిలబడింది. "ఈసారి తడిగుడ్డతో తుడిచేద్దామా వొదినా? లోపల చెక్కుండాది."

"తుడిచిన ఇంట్లో తళిగ వేస్తామా? తలుపు మూసే ఉండాది గదా."

"తలుపు కింద సందులో పోతాయేమో సూడు."

"పోతే పోతాయి. ముప్పై ఏండ్లుగా యాడికి పోతాండాయి? తూముకే గదా."

తొమ్మిది బకెట్లు పోశాం. మా ఆయన మంచం మీద కాళ్లు ముడుచుకుని, "ఏమే, ఏరు పారతాండాది. నేను ఈతకు దిగల్నా?" అన్నారు. నీళ్లను చీపురుతో గది వైపు తోశాం. ఎప్పటిలాగే తలుపు కిందుగా లోపలికి వెళ్లాయి. కాసేపటికి ఆయన తల పక్కకు వంచి విన్నారు.

"నీళ్లు లోపలికి పొయినాయి గానీ, పెరట్లో పడిన చప్పుడే లేదే."

"మీకు వినబడి చాన్నాళ్లయింది" అన్నాను.

శనివారం తళిగ. తలుపు తీయలేదు. ఆదివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు తీశాను. నేల అంతా పావు అంగుళం నీళ్లు. ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ లేదు. మేస్త్రీ మట్టం అంత బాగా చేశాడు. అడుగు వరుస పలకలు ముప్పై ఆరూ ఉబ్బి, రెండంచులూ పైకి లేచి దోనెల్లాగా ఉన్నాయి. పై వరుసలో ఇరవై నాలుగు వంకర తిరిగాయి. ఒక నాలుక తీసుకుని ఒక గాడిలో పెట్టి చూశాను. దూరలేదు.

మా ఆడబిడ్డ నా వైపు చూసింది. గుడ్డ తెచ్చి నీళ్లు పిండడం మొదలుపెట్టింది. మా ఆయనే హాల్లోంచి అడిగారు.

"ఏమైంది మే? బస్సు పంచరా?"

నేను తూము దగ్గర కూర్చుని ఉలితో సిమెంటు పెచ్చు లేపాను. గుడ్డ ఉండ బయటికి లాగితే నల్లగా వచ్చింది. ఆ వాలు ఎంతో అంగుళాల్లో రాసుకున్నది నేనే. దాన్ని పూడ్పించింది నేనే. తూము మూయించింది నేనే. ఈ పనికని నేను రాసుకున్న పుస్తకంలో జూలై పదహారు, ఇరవై ఎనిమిది తేదీల పేజీల్లో అన్నీ ఉన్నాయి.

మిగిలిన పలకలు నలభై ఎనిమిది. అవి గదికి చాలవు. మంచం నుంచి బాత్రూము వరకు ఎంత కావాలో అప్పుడు మొదటిసారి లెక్క వేశాను. ఏడు వరుసలు, పద్నాలుగు అడుగుల పొడవు. ఇరవై ఐదు పలకలు. రెండు పెట్టెలూ ఒక పలక. అంచు కాలికి తగలకుండా వేసే వాలు పట్టీలు మొదటి పెట్టెలోనే ఉన్నాయి.

నేల ఆరేదాకా ఫ్యాన్లు పెట్టాం. అక్టోబరు మూడు, శుక్రవారం, తొమ్మిదింటికి మొదలుపెట్టి పన్నెండున్నరకు ఏడు వరుసలూ వేసేశాం. మా ఆడబిడ్డ రంపంతో కోసింది, నేను సుత్తితో తట్టాను. మూడున్నర గంటల పని. చివరి పలక గోడకు అర అంగుళం దూరంలో ఆగింది.

మంచం మళ్లీ గదిలో వేసి, సాయంత్రం నాలుగు గంటలకు ఆయన్ను లేపాం. అరికాలు చెక్క మీద పెట్టి కాసేపు అట్లాగే నిలబడ్డారు. "బాగుండాది" అన్నారు. నాలుగడుగులు వేశారు. ఐదో అడుగుకు కాలు లేవక నా భుజం మీద బరువంతా వేసేశారు.

"ఈ స్టాపులో దిగిపోతా మే" అన్నారు.

కూర్చోబెట్టాక తొడకు టేపు చుట్టి కొలిచాను.

పోయినవి:

పలకలు, అరవై.

రోజులు, తొంభై రెండు. అందులో ఆయన హాల్లో మంచం మీద ఉన్నవి ఎనభై ఒకటి.

తొడ చుట్టుకొలత, నలభై ఆరు నుంచి నలభై ఒకటికి, ఐదు సెంటీమీటర్లు.

అడుగులు, జూలై మూడున పదకొండు, అక్టోబరు మూడున నాలుగు. పోయినవి ఏడు.