పెళ్లిచీర ఎరుపులో గొంతువాపు

ఒక్క రక్తపు చుక్కతో ఆర్యపల్లి గేదెల ప్రాణాలను, మా వంశం పరువును, మా అమ్మ తోడేసిన పెరుగును ఒకే మధ్యాహ్నం బజారున పడేసిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే చింతించకండి. ఈ రాత ఆయనదే.

అప్పటికి నేను ఒడిశా బరంపురంలో ఒక పశువుల ల్యాబ్‌లో చేరి నెల తిరగలేదు. మెడలో ఐడీ కార్డు, జేబులో మూడు పెన్నులు, నడకలో రాష్ట్రపతి పతకం. మా ఇంట్లో ఏడు తరాలుగా పట్టు నేతగాళ్లకు రంగులు అమ్మినవాళ్లే తప్ప పశువు చెవి ముట్టినవాడు లేడు. అందుకని మా చిన్నాన్న లెక్కలో పశువైద్యాన్ని కనిపెట్టింది నేనే.

వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే సముద్రపు ఒడ్డున ఉన్న ఆర్యపల్లి నుంచి ఫోన్ వచ్చింది. ఎండుచేపలు అమ్మే పైడమ్మ గేదెకు గొంతు వాచిందట. మా పెద్ద డాక్టరు శాంతి మేడమ్, నేను జీపులో వెళ్లాం. గేదె పేరు మాలచ్చి. గొంతు కింద కుండ కట్టినట్టు వాపు. అది తీసే గురకకి సముద్రం నాలుగడుగులు వెనక్కి జరిగింది. నేను కళ్లారా చూశాను.

“అమ్మా, బతుకుతాదా?” పైడమ్మ మేడమ్ చెయ్యి వదలడం లేదు. “సంద్రంలో ఏట లేని రోజుల్లో దీని పాలే మా పొయ్యెలిగిత్తాయి. ఈదిలో గేదలన్నీ దీంతోనే మేసేయి. అయ్యేటైపోతాయో!”

మేడమ్ జ్వరం చూసి, గొంతు నొక్కి చూసి, సూది వేసేశారు. నా చేత చెవి దగ్గర రక్తం తీయించి రెండు గాజుపలకల మీద పూయించారు.

“చూడ్డానికి గొంతువాపు రోగమే. దీని సంగతి నేను చూశాను. మిగతా గేదెలకి టీకాలు రావాలంటే పై ఆఫీసుకి ల్యాబ్ రిపోర్టు వెళ్లాలి. సాయంత్రంలోగా. అది నీ పని బాబూ.”

ఇక్కడ చిన్న పాఠం. భయపడకండి, పరీక్ష పెట్టను. గొంతువాపు తెచ్చే సూక్ష్మజీవి గ్రామ్ నెగటివ్ జాతిది. దాన్ని పట్టేది రంగులతోనే. ముందు ఊదారంగు, తర్వాత అయోడిన్ పోసి, స్పిరిట్‌తో కడుగుతాం. ఊదాను వదలకుండా పట్టుకుని కూర్చునేవి గ్రామ్ పాజిటివ్. స్పిరిట్ తగలగానే ఊదా వదిలేసి, చివర్లో పోసే సాఫ్రనిన్ అనే ఎర్రరంగు కట్టుకునేవి గ్రామ్ నెగటివ్.

తీరా చూస్తే ల్యాబ్‌లో సాఫ్రనిన్ సీసా అడుగున ఎండిన చీమ తప్ప ఏమీ లేదు. ఇంకో ఇంట్లో పుట్టినవాడైతే పక్క కాలేజీకి వెళ్లి కాస్త అడిగి తెచ్చుకునేవాడు. నేను రంగుల కొట్టు బిడ్డను! ఎరుపు కోసం పరాయి గడప తొక్కడమా? స్కూటర్ నేరుగా చిన్నాన్న కొట్టు ముందు ఆగింది.

“సిన్నాన్నా, ఎర్రరంగు కావాల.”

“ఎన్ని సీరలకిరా?”

“సీరలకి కాదు, సూక్ష్మజీవులకి.”

“ఎవులికైతే ఏటి! పెళ్లిసీర ఎరుపిత్తాను, అట్టుకెల్లు. గుడ్డ సిరగాల గానీ ఈ రంగు ఎలవదు. నీ జీవులు బతికినంతకాలం నన్ను తలుసుకుంతాయి.”

అట్టుకెళ్లాను. పోశాను. మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. ఆహా! ఎరుపు, ఎరుపు, ఎరుపు! పెళ్లివారి ఊరేగింపు మొత్తం ఆ గాజుపలక మీదే విడిది దిగింది. ఆగలేక పైడమ్మకు ఫోన్ కొట్టాను.

“దొరికిపోనాది పైడమ్మా! గ్రామ్ నెగటివ్! నా మాట మీద నిశ్చింతగా ఉండు, టీకాలొచ్చెత్తన్నాయి.”

“నీ కడుపు సల్లగుండ బాబూ! ఈదంతా సెప్పీసొత్తాను!”

అప్పుడు వచ్చారు మేడమ్. కన్ను పెట్టారు. కన్ను తీశారు. నన్ను చూశారు. మళ్లీ కన్ను పెట్టారు.

“బాబూ, ఇందులో సూక్ష్మజీవులు ఎరుపు. రక్తకణాలు ఎరుపు. ధూళి ఎరుపు. గాజు కూడా ఎరుపే. బయట నీ చేతులు ఎరుపు, మీసం ఎరుపు. నీ మీసం కూడా గ్రామ్ నెగటివేనా?”

“మేడమ్, అది... మా ఇంటి రంగు...”

“క్యారేజీలో పెరుగుందా?”

ఈ సమయంలో ఆకలేమిటని అనుకుంటూనే డబ్బా ఇచ్చాను. ఆవిడ ఒక చుక్క తీసి పలక మీద పూశారు.

“పెరుగులో ఉండేవి గ్రామ్ పాజిటివ్. ఊదాగా కనిపించాలి. నీ ఇంటి రంగు పోసి చూపించు.”

పోశాను. చిన్నాన్న రంగు ఊదాను ఆనవాలు లేకుండా మింగేసింది. పెరుగు పెళ్లికూతురిలా సిగ్గుపడింది.

“అయితే మీ అమ్మగారు ఇన్నేళ్లుగా మీకు పెడుతున్నది గొంతువాపేనన్నమాట” అన్నారు మేడమ్ చల్లగా.

నేనూ చల్లబడ్డాను. అక్కడ ఆర్యపల్లిలో పైడమ్మ నా మాట వీధంతా చాటేస్తోంది. రోగం వేరేదైతే రావాల్సిన టీకా వేరు. వీధిలో గేదెలన్నీ నా నోటి మీద నిలబడి ఉన్నాయి.

సాఫ్రనిన్ కోసం స్కూటర్ మీద కాలేజీకి దౌడు తీశాను. కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ నా చేతులు చూసి స్కూటర్ ఆపేశాడు. “రక్త కాహారొ?” అన్నాడు ఒడియాలో. ఎవరి రక్తమిది అని.

“పట్టుచీరది, ఆజ్ఞా!” అన్నాను, మన ‘అయ్యా’ను ఒడియాలోకి మార్చి.

పిచ్చివాడనుకుని వదిలేశాడు. నా జన్మలో ఒక అధికారి నన్ను సరిగ్గా అంచనా వేసింది అప్పుడే.

సాఫ్రనిన్ తెచ్చాను. ముందు పెరుగు: ఊదా! మా అమ్మ నిర్దోషి. తర్వాత మాలచ్చి రక్తం పూసిన రెండో పలక. మైక్రోస్కోపు మర తిప్పాను. ఎర్రగా, పొట్టిగా, రెండు కొసలూ ముదురుగా, మధ్యలో లేతగా, పిన్నీసులు చల్లినట్టు కనిపించాయి. అసలు సిసలు గ్రామ్ నెగటివ్! నేను తప్పుడు రంగుతో చెప్పింది అక్షరాలా నిజం. మేడమ్ చూసి, నవ్వు ఆపుకుంటూ రిపోర్టు మీద సంతకం పెట్టారు. మర్నాడు ఉదయానికల్లా టీకాల జీపు ఆర్యపల్లిలో ఉంది.

వారం తర్వాత పైడమ్మ బుట్టెడు ఎండురొయ్యలతో ల్యాబ్‌లో దిగింది.

“మాలచ్చి లేసింది బాబూ! ఈదిలో ఒక్క గేద పోనేదు!” అంటూ నా చేతులు పట్టుకుని చూసింది. ఎన్ని సబ్బులు అరిగినా అవి ఎర్రగానే ఉన్నాయి. “ఓలమ్మ! మా గేదల కోసం సేతులు రకతాలొచ్చేలాగ కట్టపడ్డావేటి!”

మేడమ్ నా వైపు చూశారు. నేను వినయంగా తల దించుకున్నాను. కాదని మాత్రం అనలేదు.

అసలు విజయం చిన్నాన్నది. నెలరోజులు ప్రతి ఆదివారం నన్ను కొట్టు ముందు స్టూలేసి కూర్చోబెట్టాడు. నేతగాళ్లు రాగానే నా చేతులు పైకెత్తి, “సూడండి, మావోడు స్పిరిట్‌తో కడిగినా ఎలవనేదు!” అనేవాడు. ఆ ఏడు బరంపురంలో పెళ్లిచీర ఎరుపు దొరకనంతగా అమ్ముడుపోయింది.

కాబట్టి, నేటికీ గోటి అంచున మిగిలిన ఆ ఎరుపు సాక్షిగా, మాలచ్చి గొంతు సాక్షిగా, మా అమ్మ పెరుగు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా ఒంట్లో ఊపిరుండగా, ఎంత పెద్దింటి సూక్ష్మజీవి వచ్చి కాళ్లు పట్టుకుని అడిగినా సరే, దానికి మళ్లీ పెళ్లిచీర కట్టను.